తుఫాను షెల్టరు తాళం తీసి ఊరి పర్యావరణ కేంద్రంగా నడపడం: అనుభవం ఉన్నవారి సలహాలు కావాలి

ఋషికుల్య మొగ (గంజాం జిల్లా):

సభ్యులందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగకు దగ్గరలో ఉన్న జాలరి పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, బడిలోనూ పంచాయతీ ఆఫీసులోనూ ఒడియా నడుస్తుంది. ఊరి చివర సరుగుడు తోట పక్కన తుఫాను షెల్టరు ఉంది. కింద స్తంభాలు, పైన పెద్ద హాలు, ఆపైన డాబా. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మా వాళ్లు ఇలాంటి కట్టడాల్లోనే తలదాచుకుని ప్రాణాలు దక్కించుకున్నారు కాబట్టి ఆ గోడల మీద ఊరికి గౌరవం ఉంది. అయితే తుఫాను లేని రోజుల్లో హాలుకు తాళం పడి ఉంటుంది. ఓట్ల నాడో, ఎవరింట్లోనైనా పెళ్లి జరిగే నాడో తప్ప తలుపు తెరుచుకోదు.

షెల్టరు నిర్వహణ కమిటీలో నేనూ ఒకడిని. వారానికి రెండు సాయంత్రాలు హాలు తెరిచి పర్యావరణ కేంద్రంగా నడుపుదామని ప్రతిపాదించాను. కమిటీ ఒప్పుకుంది కానీ, అక్కడ ఏం చేస్తారని ఒక పెద్దాయన అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఇంతకుముందు మా ఊళ్లో ఇటువంటిదే ఒకటి జరిగింది. జూన్ 5న బోర్డు కట్టారు, మొక్కలు నాటారు, ఉపన్యాసాలు చెప్పారు. మరుసటి ఎండాకాలానికి మొక్కలూ లేవు, బోర్డూ లేదు. మళ్లీ అలా కాకూడదని నా కోరిక.

ఈ ఆలోచన ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో, తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికి వచ్చే రోజుల్లో, ఒడ్డు దారిలో కొత్తగా ఎత్తయిన దీపస్తంభం వేశారు. గుడ్లు పెట్టిన 45, 50 రోజులకు వచ్చే ఆ పిల్లలు చీకట్లో సముద్రం మీది వెలుతురును ఆనవాలుగా పెట్టుకుని నీటివైపు నడుస్తాయి. ఒక రాత్రి రెండు గంటల వేళ మా పెద్దమ్మ కేక వేస్తే అందరం పరుగెత్తాం. దారి పొడవునా పిల్లలే. అరచేతిలో సగం కూడా ఉండవు. ఒంటినిండా ఇసుక అంటుకుని, దీపం కింద సిమెంటు దిమ్మె చుట్టూ గుంపులుగా తిరుగుతున్నాయి. కొన్ని అప్పటికే బండి చక్రాల కింద పడిపోయాయి. ఆడవాళ్లు చేపల తట్టల్లో, మేము బకెట్లలో ఏరి నీటి అంచున వదిలాం. తెల్లవారి కాకులు దిగేసరికి ఇంకా మిగిలే ఉన్నాయి.

మర్నాడు దీపానికి అడ్డు కట్టమని అడగడానికి సంబంధిత ఆఫీసుకు వెళ్లాం. ఏ రాత్రి, ఎక్కడ, ఎన్ని పిల్లలు అని అడిగారు. మా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. వెనక్కి వచ్చాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అన్న కూతురు ఆ తర్వాత అయిదు రాత్రులు నోటుపుస్తకం పట్టుకుని కూర్చుని తేదీ, వేళ, లెక్క రాసింది. ఒడియాలో అర్జీ కూడా తనే రాసింది. పది రోజుల్లో దీపానికి సముద్రం వైపు రేకు అడ్డం వచ్చింది.

అప్పటినుంచి నా మనసులో ఒకటే మాట తిరుగుతోంది. తాబేలును ప్రేమించమని మా ఊరికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కళ్లతో చూసింది రాసిపెట్టుకునే చోటు లేదు, రాసింది సభ దాకా చేర్చే దారి తెలియదు. కేంద్రం ఆ లోటు తీర్చేలా ఎలా నడపాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

బరంపురం మాస్టారు:

నాయనా, మంచి పని తలపెట్టావు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తాను, ఓపికగా చదువు.

మన ప్రాంతానికి ఇటువంటి ఇల్లు కొత్తది కాదు. ఒడియా పల్లెల్లో భాగవత టుంగీ ఉండేది. సాయంత్రం దీపం పెట్టి భాగవతం చదివి వినిపించే చిన్న ఇల్లు అది. మన తెలుగు వీధుల్లో రామమందిరం అరుగు ఉండేది. పారాయణం అయ్యాక చెరువు పూడిక ఎప్పుడు తీయాలి, ఎవరి పశువులు ఎవరి చేలో పడ్డాయి అనే మాటలన్నీ అక్కడే నడిచేవి. జనం కూర్చునే అలవాటు ఉన్న చోట పర్యావరణం గురించి మాట్లాడడం తేలిక. ఆ అలవాటు లేని చోట ఎన్ని గోడపత్రికలు అంటించినా లాభం ఉండదు. కాబట్టి ముందు జనం కూర్చోవడం అలవాటు కావాలి.

ఇక చట్టం సంగతి. ప్రజలు పాల్గొనాలని అందరూ అంటారు కానీ ఎక్కడ పాల్గొనాలో చెప్పరు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద పరిశ్రమ, గని, ఓడరేవు వంటి వాటిలో చాలావాటికి అనుమతి ఇచ్చే ముందు బహిరంగ విచారణ జరపాలి. దానిని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. జిల్లా కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. మదింపు నివేదిక సారాంశం ఇంగ్లీషుతో పాటు రాష్ట్ర అధికార భాషలో లేదా స్థానిక భాషలో అందుబాటులో ఉండాలి. సభకు రాలేనివారు రాతపూర్వకంగా కూడా అభిప్రాయం పంపవచ్చు. సభ ముగిసే ముందు, ఎవరేమన్నారో రాసుకున్న సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. ఈ చివరి నియమం ఉందని నాకు తెలిసినవారిలో పదిమందికి కూడా తెలియదు.

చాలా ఏళ్ల కిందట నేను అటువంటి ఒక సభకు వెళ్లాను. మా పక్క వీధి జాలరి ఒకాయన లేచి తెలుగులో చాలా స్పష్టంగా చెప్పాడు. ఏ నెలలో ఏ చేప ఏ మొగలోకి గుడ్లకు వస్తుందో, అక్కడ గోడ కడితే ఏమవుతుందో అంతా చెప్పాడు. రాసుకునే గుమాస్తాకు తెలుగు రాదు. చివర్లో చదివి వినిపించిన కాగితంలో ఆయన మాట ఒకే వాక్యమైంది: "చేపల వేట గురించి ఆందోళన వ్యక్తం చేశారు." ఇంత తెలిసిన మనిషి మాట అలా పోవడం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ కేంద్రం చేయవలసిన పని ఇక్కడే ఉంది. సభకు ముందే మన మాటను ఒడియాలో రాసి, సంతకాలు చేసి, అందించి, ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి.

సూరత్‌లో ఉన్న వలవాడు:

అన్నా, నేనూ మీ తీరం వాడినే. గంజాం నుంచి వేలమంది వచ్చినట్టే నేనూ సూరత్ వచ్చి మగ్గాల మీద పనిచేస్తున్నాను. మీరు రాసింది నాకు బాగా తెలిసిన సంగతే కనుక, నా మనసులోని మాట దాచుకోకుండా చెబుతున్నాను. తప్పుగా అనుకోవద్దు.

తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర తీరానికి 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. అది చాలదన్నట్టు తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల విరామం ఉంది. ఏడెనిమిది నెలలు వల ఆరబెట్టుకుని కూర్చుంటే ఇల్లు ఎలా గడుస్తుంది? మా నాన్న చిన్న పడవను అమ్ముకున్నది ఆ లెక్క కుదరకే. అవగాహన కేంద్రం అంటే మాకు ఇంకోసారి నీతులు చెప్పే చోటు అని మా వాళ్లు అనుకుంటారు. తాబేలుకు నేను పగవాడిని కాను. వలలో పడిన తాబేలును మా తాత పసుపు, కుంకుమ పెట్టి వదిలిపెట్టేవాడు. కానీ మా కడుపు గురించి మాట్లాడని చోటికి మా వాళ్లు రెండోసారి రారు.

ఋషికుల్య మొగ:

తమ్ముడూ, తప్పుగా ఎందుకు అనుకుంటాను? మీ ఇంటి పడవ అమ్మిన రోజు నాకూ గుర్తుంది. నీ మాట ఉన్నది ఉన్నట్టుగా కమిటీలో చదివి వినిపిస్తాను. మాస్టారు గారూ, మీ గుమాస్తా సంగతి చదివాక నాకూ మనసు కలత పడింది.

రాయగడ ఉద్యోగిని:

నేను రాయగడలో ఉంటాను, మా పూర్వులు పార్వతీపురం వైపు నుంచి వచ్చారు. ఇక్కడ నివసించే ఎవరికైనా ప్రజల భాగస్వామ్యం అనగానే నియమగిరి కొండ గుర్తుకు వస్తుంది. అక్కడి బాక్సైట్ గని విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, కొండ మీద డొంగ్రియా కోంధు గిరిజనుల మత, సాంస్కృతిక హక్కులు ఏమైనా ఉన్నాయా లేదా అనేది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 పల్లెల్లో సభలు జరిగాయి. ప్రతి సభకు జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి పరిశీలకుడుగా కూర్చున్నారు. పన్నెండుకు పన్నెండూ గని వద్దన్నాయి.

ఆ సభల గురించి వార్తాపత్రికలు ధైర్యం అని రాశాయి, అది నిజమే. కానీ ఆ పల్లెల్లో తిరిగిన ఒక బంధువు ద్వారా నేను తెలుసుకున్నది ఇంకొకటి ఉంది. సభలో లేచిన ప్రతి మనిషీ ఏ ఊట ఎక్కడ పుడుతుందో, ఏ నెలలో ఏ దుంప తవ్వుతారో, ఏ బండ కింద దేవుడు ఉన్నాడో పేరు పెట్టి చెప్పారు. "మా కొండ మాకు కావాలి" అని ఊరుకుంటే ఆ రాతకు అంత బరువు వచ్చేది కాదని నా నమ్మకం. వాళ్లు తమ కువి భాషలోనే మాట్లాడారు. కాబట్టి మాస్టారు గారి మాటకు నాదొక చేర్పు. రాత ఒడియాలో ఉండాలి, నిజమే. కానీ ఆలోచన మాత్రం ఇంటి భాషలోనే సాగాలి. మొదటి నుంచీ ఒడియాలోనే మాట్లాడండి అంటే ఆడవాళ్లు, ముసలివాళ్లు నోరు విప్పరు. విషయం ఎక్కువ తెలిసింది వాళ్లకే.

భేత్నోయి పక్క ఊరి యువకుడు:

అందరికీ నమస్కారం. మా వైపు భేత్నోయి చుట్టుపక్కల పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతుంటాయి. అవి చేలో అడుగుపెడితే వానలు పడతాయనీ, ఊరికి మేలనీ మా పెద్దల నమ్మకం. పైరు మేసినా కొట్టరు. 2021 లెక్కల్లో గంజాం జిల్లాలో 7,358 జింకలు తేలాయి. ఇదంతా ఏ కేంద్రమూ, ఏ హాలూ లేకుండానే జరిగింది. అందుకని నాకు ఒక సందేహం. నమ్మకం ఉన్న చోట కేంద్రం అవసరం లేదు, నమ్మకం లేని చోట కేంద్రం పెట్టి ప్రయోజనం లేదు. పెద్దలు దీనికి జవాబు చెప్పాలి.

బరంపురం మాస్టారు:

బాబూ, మంచి ప్రశ్న అడిగావు. మీ పెద్దల నమ్మకానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ నమ్మకం నిలబడిన కాలంలో చుట్టూ పొలాలే ఉన్నాయి. పొలం ప్లాట్లుగా మారినప్పుడు, రోడ్డు వెడల్పయినప్పుడు, ఊళ్లో సగం మంది వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయినప్పుడు నమ్మకం ఒక్కటే జింకను కాపాడలేదు. పొలం కొన్నవాడికి మీ తాత నమ్మకం తెలియదు కదా. జింకలు ఏ బాటన వస్తాయి, ఏ చెరువులో నీళ్లు తాగుతాయి అనేది కాగితం మీద ఉంటే, రోడ్డు గీసేవాడి ముందు దానిని పెట్టవచ్చు.

దానికి చట్టంలోనే ఒక పుస్తకం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి, పురపాలక సంఘానికి జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊరి చెట్టు, చేప, పురుగు, మందుమొక్క, విత్తనం, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు అన్నీ చేర్చి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. చాలా చోట్ల అది బయటివారు వచ్చి ఒక్క పూటలో నింపుకుని వెళ్లిన పుస్తకంగా మిగిలింది. మీ షెల్టరులో అది నిజంగా రాయించండి. గంజాం మొగలిపువ్వుకు భౌగోళిక గుర్తింపు ఉంది. తెల్లవారకముందే మొగలి పొదల్లోకి వెళ్లి ముళ్లు గీసుకుంటూ పువ్వు కోసే ఆడవాళ్లకు, ఏ ఒడ్డున పొద బతికిందో, ఎక్కడ ఉప్పునీరు తగిలి ఎండిందో తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు. వాళ్ల మాట ఆ రిజిస్టరులో లేకపోతే అది అసంపూర్ణమే.

సిరోంచ ఒడ్డు (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర):

ఈ చర్చ చదువుతుంటే మా జిల్లా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మాది ప్రాణహిత, గోదావరి కలిసే సిరోంచ వైపు. మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండి, మాడియా. మీ సమస్య మాకూ ఉంది.

మా జిల్లాలోనే ధానోరా తాలూకాలో మేండా లేఖా అనే గోండు పల్లె ఉంది. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు దక్కించుకున్న ఊరు అది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి వెదురు రవాణా అనుమతి పుస్తకాన్ని గ్రామసభకే అప్పగించారు. ఆ ఊరి పెద్ద దేవాజీ తోఫా గారి పేరు మీరు విని ఉంటారు. "మావా నాటే మావా రాజ్" అనేది వారి నినాదం, మా ఊళ్లో మాదే పాలన అని అర్థం. అందరికీ ఈ నినాదమే తెలుసు. దాని వెనుక ఉన్న పని తక్కువమందికి తెలుసు. వాళ్లు దానిని అభ్యాస్ గట్ అంటారు. అంటే కలిసి కూర్చుని నేర్చుకునే గుంపు.

అందులో ఉన్న మెలకువ ఇది. అభ్యాస్ గట్‌లో ఎవరైనా కూర్చోవచ్చు, బయటి మనిషిని పిలిచి అడగవచ్చు, చట్టం చదివించుకోవచ్చు, గంటల తరబడి వాదించుకోవచ్చు. కానీ అక్కడ నిర్ణయం తీసుకోరు. నిర్ణయం గ్రామసభలోనే, అదీ అందరూ ఒప్పుకుంటేనే. ఒక్కరు కాదన్నా మళ్లీ కూర్చుంటారు. ఈ రెండింటినీ వేరుగా ఉంచడం వల్ల నేర్చుకునే చోట ఎవరికీ భయం ఉండదు, నిర్ణయించే చోట ఎవరికీ తెలియనితనం ఉండదు. మీ షెల్టరు హాలు అభ్యాస్ గట్ కావాలని నా సలహా. అక్కడ చేతులెత్తించి తీర్మానాలు చేయకండి. అలా చేస్తే పంచాయతీలో ఒక వర్గం మిమ్మల్ని పోటీగా చూస్తుంది, ఏడాది తిరగకుండా తాళం మళ్లీ పడుతుంది. ఇది నేను మా ఊళ్లో కళ్లారా చూసిన సంగతి.

బరంపురం గృహిణి:

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను, చూసింది చెబుతాను. హాలు ఏ వేళకు తెరుస్తారన్నది ముందు తేల్చుకోండి. చేపలమ్మే ఆడవాళ్లు బరంపురం బజారుకు తెల్లవారుజామునే వచ్చి మధ్యాహ్నం మూడింటికి గాని ఇల్లు చేరరు. ఆరింటికి పొయ్యి వెలిగించాలి. నాలుగున్నర నుంచి ఆరు లోపలే వాళ్లకు తీరిక. ఏడింటికి సభ పెడితే అది మగవాళ్ల సభే అవుతుంది.

ఇంకొకటి. మా వీధిలో తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త అని 2016 నియమాల ప్రకారం మూడుగా వేరు చేయాలని ఎంతో కాలం చెప్పారు, ఎవరూ వినలేదు. ఒకావిడ తన ఇంటి ముందు కాటా పెట్టి, ఏ ఇంటి నుంచి ఎంత ప్లాస్టిక్ వచ్చిందో తూచి పలక మీద రాయడం మొదలుపెట్టింది. ఎవరినీ నిందించలేదు, అంకె మాత్రమే రాసింది. రెండు నెలల్లో వీధి మారింది. మీ ఊళ్లో చేపలు తూచే కాటా ఉండనే ఉంటుంది. తెగిపోయిన నైలాన్ వలముక్కలను ఒడ్డున వదిలేస్తే తాబేళ్లు వాటిలోనే చిక్కుకుంటాయని విన్నాను. అవి ఏరి తూచి రాయండి. పిల్లలు ఇష్టంగా చేసే పని అది.

పర్లాకిమిడి కొండదారి (గజపతి జిల్లా):

నాకు తీరం గురించి తెలియదు, కొండల గురించి తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం తీరంలో పలాస దగ్గర దాటింది. తీరం మీది గాలి గురించే అందరూ మాట్లాడారు. కానీ మా గజపతి జిల్లాలో ఆ తుఫాను వానకు బారఘర దగ్గర కొండచరియ విరిగి, తలదాచుకున్నవారి మీద పడింది. తుఫాను అంటే సముద్రం పక్క ఊళ్ల సంగతి అని కొండ మీది వాళ్లు అనుకున్న రోజులవి. కొండ మీద ఎంత వాన పడితే నేల జారుతుందో, ఏ వాగు ముందుగా బురదనీళ్లు తెస్తుందో చెప్పుకునే చోటు మా పల్లెల్లో లేదు. వానమాపకం కొనడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాసే మనిషి కావాలి. ఆ రాత పదేళ్లు కూడితే దానికి మించిన హెచ్చరిక లేదు.

భాష గురించి రాయగడ సోదరి చెప్పింది మా ఊరికి బాగా తెలిసిన మాట. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. నూరేళ్లు దాటినా ఆ పట్టుదల అవసరం తీరలేదు. మన తెలుగువాళ్లం మన భాష కోసం అడిగేటప్పుడు పక్కన ఉన్న సవర కోసమూ అడగాలి. మీ తీరాన ఒడియా కుటుంబాలు కూడా ఉంటాయి కదా. హాలు తెలుగువాళ్లది అనే పేరు రాకుండా చూసుకోండి.

ఋషికుల్య మొగ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కమిటీ కూర్చుంది. మీ మాటలన్నీ అచ్చు తీసి చదివి వినిపించాను. పర్లాకిమిడి వారి చివరి మాట దగ్గర మా ఒడియా సభ్యుడు తల ఊపాడు, ఆయన భార్య హాలు ఊడ్చి సర్దే పనికి ముందుకు వచ్చింది. రోజులు బుధ, శని. వేళ నాలుగున్నర నుంచి ఆరు. సిరోంచ వారు చెప్పినట్టు హాల్లో తీర్మానాలు ఉండవు. ఫిబ్రవరిలో జరిగే పల్లీ సభకు, అంటే ఊరందరూ కూర్చునే సభకు, ఏం తీసుకువెళ్లాలో మాత్రం హాల్లో తయారు చేసుకుంటాం. తాబేళ్లు గుంపులుగా ఒడ్డెక్కేది కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కాబట్టి రెండూ కలిసి వస్తాయి. 2025 ఫిబ్రవరిలో మా మొగ దగ్గర దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. 1994లో ఈ గుడ్ల రేవు సంగతి శాస్త్రవేత్తల ద్వారా లోకానికి తెలిసినప్పుడు, దాన్ని కాపాడడానికి ముందుకు వచ్చినవారిలో పురునబంధ వంటి పక్క ఊళ్ల కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, శనివారం వచ్చి కూర్చుంటామన్నారు.

ఖర్చు గురించి ఎవరూ అడగలేదు కానీ చెబుతాను. కరెంటు బిల్లు కమిటీది. నోటుపుస్తకాలు, పెన్నులు, ఒక వానమాపకం, ఒక కొలత టేపు మేమే చందాలు వేసుకుని కొంటున్నాం. ఎవరి పేరూ గోడ మీద రాయడం లేదు.

సూరత్‌లో ఉన్న వలవాడు:

అన్నా, మీరు నా మాట కమిటీలో చదివారని మా అమ్మ ఫోన్లో చెప్పింది. అలా చదువుతారని నేను అనుకోలేదు. అందుకే ఇంకొక సంగతి రాస్తున్నాను.

మన తీరంలో వెంకటరాయపురం అనే జాలరి పల్లెకు 2020లో యునెస్కో సముద్ర శాస్త్ర కమిషన్ నుంచి సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని గుర్తింపు వచ్చింది. ఏ ఇంటి వాళ్లు ఏ దారిన పరుగెత్తాలో పటం గీసి పెట్టి, అందరూ నడిచి చూసుకున్నారు. అది మన వాళ్లు చేయగలిగిన పనే. కానీ సునామీ ఎప్పుడో గాని రాదు. కడలి కోత మాత్రం రోజూ ఉంది. పొడంపేట ఎలా కరిగిపోయిందో మనం చూశాం. ఇళ్లు ఒక్కొక్కటే సముద్రంలోకి వెళ్లాయి, ఊరే వెనక్కి జరగాల్సి వచ్చింది. మన జిల్లాలోని రామాయపట్నంలో కూడా అదే భయం. ఎన్ని అడుగులు పోయిందని ఎవరైనా అడిగితే చేతులు చాచి చూపించడమే తప్ప లెక్క లేదు.

తాబేళ్ల పేజీకి ముందు, మొదటి పేజీలో దీన్ని రాయండి. మా పాత ఇంటి రాతిమెట్టు ఇంకా ఉంది కదా, వేపచెట్టు మొదలు దగ్గర. పౌర్ణమి నాడు పోటు బాగా ఎక్కిన వేళ, ఆ మెట్టు నుంచి నీటి అంచుకు ఎన్ని అడుగులో కొలవండి. ప్రతి పౌర్ణమికీ అదే మెట్టు నుంచి కొలవాలి, చోటు మార్చకూడదు. వేట లేని నెలల్లో ఇంట్లో కూర్చున్న మగవాళ్లకు ఈ పని అప్పజెప్పండి. ఒడ్డు ఎటు జరుగుతోందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నీతులు వినడానికి రానివాళ్లు, తెలిసింది చెప్పమంటే వస్తారు.

బరంపురం మాస్టారు:

ఈ అబ్బాయి చెప్పిన కొలత పద్ధతి చాలా సరైనది. ఒకే చోటు, ఒకే వేళ, ఒకే కొలత. ప్రతిసారీ కొలిచిన ఇద్దరి సంతకాలు కింద ఉండాలి, పక్కన ఫోటో ఉండాలి, టేపు ఫోటోలో కనిపించాలి. పేజీకి ఎడమవైపు తెలుగు, కుడివైపు ఒడియా రాయించండి. మొగ, పోటు, పాటు, కోత, ఇసుకమేట వంటి మాటలకు మీ ఊళ్లో వాడే ఒడియా మాటలేవో నాకు పంపితే పట్టీ తయారు చేసి పెడతాను. నిఘంటువులోని మాట కాదు, మీ ఒడియా పొరుగువారు వాడే మాటే కావాలి.

ఋషికుల్య మొగ:

తమ్ముడూ, నిన్న పౌర్ణమి. మీ నాన్న, మా అన్న కూతురు, నేను టేపు పట్టుకుని వెళ్లాం. మెట్టు సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది, మీ నాన్నే చేతులతో తవ్వి అంచు బయటికి తీశాడు. పోటు నిలిచేదాకా అక్కడే కూర్చున్నాం. నీ చిన్నప్పుడు ఆ మెట్టు మీద నుంచి చూస్తే పడవలు నిలిపే చోటు ఎంత దూరంగా కనిపించేదో మీ నాన్న చాలాసేపు చెప్పాడు, పాప అదంతా తెలుగులో రాసుకుంది. కొలత 41 అడుగులు. మొదటి పేజీలో తేదీ, వేళ, అంకె రాసి, కింద మీ నాన్న సంతకం చేశాడు. మాస్టారు గారూ, పట్టీ కోసం మాటలు శనివారం హాలు తెరిచాక అందరినీ అడిగి పంపుతాను.